ట్యాంకర్ ఎక్కే ముందు: హజార్డస్ ట్రైనింగ్, ఎండార్స్‌మెంట్, రెన్యువల్ మొత్తం ప్రాసెస్

పెట్రోల్ ట్యాంకరో గ్యాస్ బుల్లెట్టో (ఎల్పీజీ ట్యాంకరు) యాసిడ్ లారీనో నడపాలంటే హెవీ లైసెన్సు ఒక్కటే సరిపోదు, దాని మీద హజార్డస్ ఎండార్స్‌మెంట్, అంటే ప్రమాదకర సరుకు బండి నడపొచ్చని వేసే ఎంట్రీ కూడా ఉండాలి, ఇంతవరకు ఈ లైన్లో ఉన్న అందరికీ తెలుసు. చాలామంది దెబ్బతినేది ఎక్కడంటే, ట్రైనింగ్ సర్టిఫికెట్ వేరు, లైసెన్సు మీద ఎంట్రీ వేరు అన్న దగ్గర. మూడు రోజులు క్లాసులకి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుని, లామినేషన్ చేయించి డ్యాష్‌బోర్డులో పెట్టుకుని, ఇంక అయిపోయింది అనుకుని తిరిగేస్తారు. ఆ కాగితం ఆర్టీవో ఆఫీసు దాకా వెళ్లి లైసెన్సులో ఎక్కేదాకా చట్టం లెక్కలో మీరు మామూలు లారీ డ్రైవరే. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది కూడా దీన్నే.

కాబట్టి మొదటి నుంచీ వరసగా చెప్తాను. డ్రైవర్లకీ పనికొస్తది, ఒకటో రెండో బండ్లున్న ఓనర్లకీ పనికొస్తది.

అసలు మీకు ఇది కావాలా?

హజార్డస్ అనగానే అందరూ ట్యాంకర్ గురించే ఆలోచిస్తారు, బండి ట్యాంకర్ అవ్వాల్సిన పనేం లేదు. గ్యాస్ సిలిండర్ల లారీ, ఆక్సిజన్ సిలిండర్లు, యాసిడ్ డ్రమ్ములు, పురుగుమందుల టెక్నికల్ మెటీరియల్ (ఇంకా పలచన చేయని గాఢమైన మందు), ఫార్మా కంపెనీలకి వెళ్లే సాల్వెంట్ డ్రమ్ములు, దీపావళి టపాకాయల లోడు, ఇవన్నీ ప్రమాదకర సరుకుల కిందకే వస్తాయి. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ లాంటి చోట్ల నుంచి డ్రమ్ముల్లో సాల్వెంట్లు తీస్కెళ్లే డ్రైవర్లు చాలామంది "మాది మామూలు లారీనే కదా" అంటారు. కాదు. లోడు ఏంటి అన్నదే లెక్క, బండి ఆకారం కాదు.

సరుకుల్ని ఐక్యరాజ్యసమితి పద్ధతిలో 9 క్లాసులుగా విడగొడతారు. 1 పేలుడు పదార్థాలు, 2 గ్యాసులు, 3 మండే ద్రవాలు, 4 మండే ఘనపదార్థాలు, 5 ఆక్సిడైజర్లు, పెరాక్సైడ్లు, 6 విషాలు, రోగకారకాలు, 7 రేడియోధార్మికం, 8 చర్మాన్ని, లోహాన్ని తినేసేవి అంటే యాసిడ్లు, క్షారాలు, 9 మిగతా రకరకాలవి, లిథియం బ్యాటరీలు ఇందులోకే వస్తాయి. మీ లోడు వీటిలో దేంట్లోదో ఇన్‌వాయిస్‌లోనో, దాంతో పాటు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లోనో ఉంటది. అక్కడ యూఎన్ నంబరు అని నాలుగంకెలు కనబడితే ఇంక అనుమానమే అక్కర్లేదు, ఎండార్స్‌మెంట్ కావాల్సిందే.

మొదటి పని: చేతిలో ఏం ఉందో చూస్కోవడం

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 9వ రూలు ఈ మొత్తం కథకి మూలం. దాని ప్రకారం మూడు ఉండాలి. ఒకటి, ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ నడిపే లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. రెండు, రాజ్యాంగం 8వ షెడ్యూల్లో ఉన్న భారతీయ భాషల్లో ఏదో ఒకటి, దాంతో పాటు ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి. మూడు, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల కోర్సు పాసైన సర్టిఫికెట్ ఉండాలి.

ఆ రెండోదాని గురించి కొంచెం చెప్పాలి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి పాత రోజుల్లో ఉన్న ఎనిమిదో తరగతి నిబంధన 2019లో తీసేశారు, దాంతో హజార్డస్‌కి కూడా చదువు అక్కర్లేదు అన్న మాట బయట బాగా తిరుగుతోంది. హజార్డస్‌కి చదవడం రాయడం రావాలన్న షరతు వేరే, అది ఈ 9వ రూల్లో ఉంది. అది పెట్టడానికి కారణం కూడా సూటిగా ఉంది, మన దగ్గర లోడుతో ఇచ్చే కాగితాలు, ట్యాంకు మీద బోర్డులు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు బాగా వచ్చి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగినా పర్లేదు, కానీ సరుకు పేరు, ఫోను నంబరు, మంటకి నీళ్లు కొట్టొద్దు అన్న లైను చదవలేకపోతే మాత్రం కష్టం. రానివాళ్లు సిగ్గుపడకుండా ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ పాతిక పదాలు నేర్చుకోండి, అవే పదాలు ప్రతి కార్డులో తిరిగి తిరిగి వస్తుంటాయి.

లైసెన్సు కార్డు మీద ట్రాన్స్‌పోర్ట్ చెల్లుబాటు తేదీ చూడండి. అది ఆర్నెల్లలో అయిపోతుంటే లైసెన్సు రెన్యువల్, హజార్డస్ ఎండార్స్‌మెంట్ రెండు పనులూ ఒకేసారి పెట్టుకునేలా ప్లాన్ చేస్కోండి, ఆర్టీవో ఆఫీసుకి రెండు సార్లు తిరగడం, రెండు రోజుల ట్రిప్పు పోగొట్టుకోవడం ఎందుకు.

రెండో పని: ట్రైనింగ్ ఎక్కడ చేయాలి

రూల్లో ఉన్న మాట "రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థ". ఈ ఒక్క ముక్క పట్టుకోండి. ఊళ్లో డ్రైవింగ్ స్కూల్ బోర్డు మీద హజార్డస్ ట్రైనింగ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది గుర్తింపు ఉన్న సంస్థ అయిపోదు. డబ్బు కట్టే ముందు రవాణా శాఖ ఇచ్చిన గుర్తింపు ఆర్డరు కాపీ చూపించమని అడగండి, దాని మీద నంబరు, తేదీ, ఎప్పటిదాకా చెల్లుతది అన్నీ ఉంటాయి. చూపించడానికి నసిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకో చిక్కు పక్క రాష్ట్రం సర్టిఫికెట్లతో వస్తది. ఆంధ్రాలో ఉండేవాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కోర్సు చేసి వస్తే తమ ఆర్టీవో దాన్ని తీసుకుంటారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి, చేసొచ్చాక కాదు. ఓనరు దగ్గర పనిచేసే డ్రైవర్లయితే ఓనర్నే అడగండి, ఆయిల్ కంపెనీ టెర్మినళ్లకి తిరిగే ట్రాన్స్‌పోర్టర్లందరికీ ఏ సంస్థ కాగితం ఎక్కడ చెల్లుతదో బాగా తెలుసు.

ఏజెంటు దగ్గర క్లాసుకి వెళ్లకుండానే సర్టిఫికెట్ దొరుకుతది అన్న సంగతి ఈ ఫీల్డులో దాచినా దాగదు. దాని గురించి నా మాట గట్టిగానే చెప్తాను: ఆ పని చేయొద్దు. పట్టుబడితే కేసు అవుతది, అది ఒక సంగతి. అంతకంటే పెద్దది, రోడ్డు మీద వాల్వు దగ్గర గ్యాస్ బుస్సుమంటుంటే మీ చేతిలో ఉన్న దొంగ కాగితం మీకు ఎటు పరిగెత్తాలో చెప్పదు. నష్టం మీ ఒక్కరిదే అయితే మీ ఇష్టం అనేవాణ్ని, పక్కన బస్సులో ఉన్నోళ్లు ఏం చేశారు?

మూడో పని: ఆ మూడు రోజుల్లో ఏం నేర్చుకుంటారు

సిలబస్ కూడా 9వ రూల్లోనే రాసి ఉంది, సంస్థ ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. మొదటి రెండు రోజులూ ఎక్కువగా డ్రైవింగ్ మీదే నడుస్తది. డిఫెన్సివ్ డ్రైవింగ్, ప్రమాదాలకి కారణాలు, బ్రేకు దూరం, రైల్వే గేట్లు, వర్షంలో, పొగమంచులో నడపడం, రాత్రి డ్రైవింగ్, ఎదురుగా గుద్దుకోవడం, వెనకాల నుంచి గుద్దడం. తర్వాత బండి స్టార్ట్ చేయకముందు చెక్‌లిస్టు, నడిపేటప్పుడు, ఆపే ముందు, ఆపాక ఏం చేయాలి. ఒక్కొక్కరితో బండి నడిపించి చూసే ఫీల్డ్ టెస్టు కూడా ఉంటది.

ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషికి ఇవన్నీ తెలిసినట్టే అనిపిస్తది, సగం మంది ఈ రెండు రోజులూ కునుకు తీస్తారు. ఒక్కటి మాత్రం నిద్రపోకుండా వినండి, ట్యాంకులో ద్రవం కదలడం గురించి. సగం నిండిన ట్యాంకర్‌తో బ్రేకు కొడితే లోపలున్న సరుకంతా ముందుకి వచ్చి గుద్దుతది, మలుపులో పక్కకి ఒరుగుతది. నిండు ట్యాంకరూ ఖాళీ ట్యాంకరూ ఒకలాగా పోవు, సగం ట్యాంకరు ఆ రెండిటిలాగానూ పోదు. ట్యాంకర్ల బోల్తాల్లో చాలావరకు డివైడర్ దగ్గర సడన్‌గా తిప్పడం వల్లో, ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మీద స్పీడు తగ్గించకపోవడం వల్లో అవుతాయి. ట్యాంకర్లకీ హజార్డస్ బండ్లకీ స్పీడ్ గవర్నరు (వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం) గంటకి 60 కిలోమీటర్లకి సెట్ చేయాలని రూలు పెట్టింది ఊరికే కాదు.

మూడో రోజు సరుకు గురించి. నా ఉద్దేశంలో కోర్సు అంతా ఒకెత్తు, ఈ ఒక్క రోజు ఒకెత్తు.

ట్యాంకర్ వెనకాల ఉండే ఎమర్జెన్సీ ప్యానెల్ చదవడం ముందు నేర్చుకోవాలి. ఏ పెట్రోల్ ట్యాంకర్ వెనకాలైనా నిలబడి చూడండి. 1203 అని ఉంటది, అది పెట్రోలు యూఎన్ నంబరు. డీజిలుకి 1202, ఎల్పీజీకి 1075, క్లోరిన్‌కి 1017, అమోనియాకి 1005, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి 1830. నంబరు దగ్గరే 3 వై ఈ (3YE) అని ఇంకో కోడు ఉంటది, దాన్ని హజ్‌కెమ్ కోడు అంటారు. ఈ కోడు నిజానికి ఫైర్ వాళ్ల కోసం, కానీ డ్రైవరుకి తెలిస్తే వాళ్లొచ్చేలోపు తప్పు పని చేయకుండా ఆగుతాడు. ముందున్న అంకె మంటకి ఏం వాడాలో చెప్తది, 1 అంటే మామూలు నీళ్ల ధార, 2 అంటే నీటి తుంపర, 3 అంటే ఫోమ్, 4 అంటే నీళ్లు తగలకూడదు, పొడి పదార్థమే వాడాలి. మధ్యలో అక్షరం ఏ రకం రక్షణ తొడుక్కోవాలి, ఒలికినదాన్ని నీళ్లతో పలచన చేసి పోనివ్వొచ్చా లేక కట్ట వేసి ఆపాలా అన్నది చెప్తది. పెట్రోలుకి వై అంటే ఆపాలి, డ్రైన్లోకో చెరువులోకో పోనివ్వకూడదు, గట్టిగా రియాక్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. చివర్లో ఈ అనే అక్షరం (E) ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి.

ఇప్పుడు అదే రోడ్డు మీద ఎల్పీజీ బుల్లెట్ వెనకాల 2 వై ఈ కనబడుతుంది. పెట్రోలుకి ఫోమ్, దీనికి నీటి తుంపర. ఒక్క అంకె తేడాతో చేయాల్సిన పనే మారిపోయింది, చూడండి.

ప్యానెల్ బండికి మూడు చోట్ల ఉండాలి, రెండు పక్కలా, వెనకాల. సరుకు సరైన టెక్నికల్ పేరు 50 మిల్లీమీటర్లకి తక్కువ కాని అక్షరాల్లో, యూఎన్ క్లాస్ నంబరు 100 మిల్లీమీటర్లకి తక్కువ కాని అంకెల్లో, క్లాస్ లేబుల్ కనీసం 250 మిల్లీమీటర్ల చదరంలో, ఎమర్జెన్సీ సర్వీసుల పేరూ ఫోను నంబరూ, సరుకు పంపినవాళ్ల పేరూ ఫోను నంబరూ. ఈ సైజులు 134వ రూల్లో ఉన్నాయి. బురద పట్టి నంబరు కనబడని ట్యాంకర్లు రోడ్డు మీద ఎన్ని చూస్తుంటామో, లోడు ఎత్తే ముందు తడిబట్ట పెట్టి ఒక్కసారి తుడవడం క్లీనరుకి అలవాటు చేయండి.

తర్వాత ట్రెమ్ కార్డు. ట్రాన్స్‌పోర్ట్ ఎమర్జెన్సీ కార్డు అన్నమాట, సరుకు ఎలా ఉంటది, ఏం ప్రమాదం, ఒలికితే ఏం చేయాలి, మంట వస్తే ఏం చేయాలి, ఒంటి మీద పడితే ఫస్ట్ ఎయిడ్ ఏంటి అన్నీ ఒక్క షీటులో ఉంటాయి. ఇది క్యాబిన్లో చేతికి అందేలా ఉండాలి, సీటు కింద టూల్ బాక్సులో కాదు. నిన్నటి లోడు కార్డు ఇవాళ లోడుతో పెట్టుకుని తిరగడం ఇంకా ప్రమాదం, వచ్చిన ఫైర్ వాళ్లు దాన్ని నమ్మి వేరే మందు కొడతారు. లోడు మారినప్పుడల్లా పాత కార్డు తీసేయండి.

గ్యాసులు ఎలా ప్రవర్తిస్తాయో కూడా మూడో రోజే చెప్తారు. ఎల్పీజీ గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లంలోకి, కాలవల్లోకి, పక్కనున్న టీ కొట్టు పొయ్యి దాకా పోతది. ద్రవం గ్యాసుగా మారితే సుమారు 250 రెట్లు పెరుగుతది, అందుకే చిన్న లీకు కూడా చిన్నది కాదు. క్లోరిన్ ఇంకా బరువు. అమోనియా మామూలుగా తేలికే కానీ ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది బయటకొస్తే చల్లటి తెల్ల మేఘంలా నేలనంటుకునే పోతది, దాన్ని నీటి తుంపరతో పట్టొచ్చు. అన్నిటికీ ఒకటే మొదటి సూత్రం, గాలి ఎటు నుంచి వీస్తుందో చూస్కుని గాలికి ఎదురు దిక్కుకి, ఎత్తైన చోటుకి వెళ్లాలి. లుంగీ అంచో కర్చీఫో పట్టుకుంటే గాలి తెలిసిపోతది.

2024 డిసెంబర్ 20 తెల్లవారుజామున జైపూర్ అజ్మీర్ హైవే మీద భాంక్రోటా దగ్గర యూ టర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ని ట్రక్కు గుద్దింది, వాల్వులు దెబ్బతిని గ్యాస్ రోడ్డంతా పరుచుకుంది, నిప్పంటుకుని బస్సుతో సహా ఎన్నో బండ్లు కాలిపోయాయి, చాలామంది చనిపోయారు. అంతకుముందు 2012 ఆగస్టు 27న కేరళ కన్నూరు దగ్గర చాల అనే ఊళ్లో ఎల్పీజీ ట్యాంకర్ బోల్తా పడి 20 మంది పోయారు. రెండు చోట్లా పోయినవాళ్లలో ఎక్కువమందికి ఆ ట్యాంకర్‌తో ఏ సంబంధమూ లేదు, ఆ టైముకి ఆ రోడ్డు పక్కన ఉన్నారంతే. క్లాసులో ట్రైనర్ ఈ వీడియోలు వేస్తే ఫోను పక్కనపెట్టి చూడండి.

కోర్సు అయ్యాక సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి చెక్ చేయండి. పేరు స్పెల్లింగు లైసెన్సులో ఉన్నట్టే ఉందా, లైసెన్సు నంబరు కరెక్టా, ట్రైనింగ్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్నాయా, సంస్థ గుర్తింపు నంబరు ఉందా. ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆర్టీవోలో వెనక్కి పంపిస్తారు, మళ్ళీ సంస్థ చుట్టూ తిరగాలి.

నాలుగో పని: ఎండార్స్‌మెంట్

మీరు నివాసం ఉండే ఏరియా ఆర్టీవోలోనే అప్లై చేయాలి. లైసెన్సు వేరే చోట ఇచ్చినదైనా పర్లేదు, ఎంట్రీ వేసిన ఆఫీసు ఆ సంగతి మొదట లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకి తెలియజేయాలని రూల్లోనే ఉంది. సారథి పోర్టల్లో (లైసెన్సు పనులకి ప్రభుత్వ వెబ్‌సైటు) డ్రైవింగ్ లైసెన్సు సర్వీసుల కింద హజార్డస్ మెటీరియల్ నడపడానికి ఎండార్స్‌మెంట్ అని విడిగా ఆప్షన్ ఉంటది. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొట్టి లోపలికి వెళ్లి, ట్రైనింగ్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఎక్కించి, ఫీజు కట్టి, స్లాట్ బుక్ చేస్కుని, ఒరిజినల్స్ పట్టుకుని వెళ్లాలి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు రెన్యువల్ కూడా కలిపి పెడుతుంటే డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి.

కొత్త కార్డు వచ్చాక హజార్డస్ చెల్లుబాటు అని ఉన్న చోట తేదీ పడిందా లేదా చూడండి. అది ఖాళీగా ఉంటే పని అవ్వనట్టే, ఫీజు రసీదు చూపించి సరిచేయించుకోండి. కార్డు రావడానికి టైం పట్టినా ఆన్‌లైన్ రికార్డులో ముందే కనబడుతది, ఆ పేజీ ప్రింటు తీసి బండిలో పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఇన్సూరెన్స్ సంగతి చెప్పాలి, ఓనర్లు ముఖ్యంగా వినాలి. ప్రమాదం జరిగి ట్యాంకర్ డ్రైవర్ లైసెన్సు మీద ఈ ఎండార్స్‌మెంట్ లేకపోతే కోర్టు ఇన్సూరెన్స్ కంపెనీతో బాధితులకి డబ్బు ఇప్పించి, ఆ మొత్తాన్ని ఓనర్ దగ్గర వసూలు చేస్కోమని చెప్పొచ్చు. ఆయిల్ ట్యాంకర్ కేసులో 2025లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి ఆర్డర్‌నే సమర్థించింది, 9వ రూలు కింద ఎండార్స్‌మెంట్ తప్పనిసరి అంది. ప్రీమియం ప్రతి ఏడాదీ కట్టాను కదా అంటే కుదరదు. మనిషి ప్రాణం పోయిన కేసులో ఆ డబ్బు లక్షల్లో ఉంటది, ఒక్క బండి ఉన్న ఓనరు దాంతో లేవలేడు.

ఐదో పని: రెన్యువల్

అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. పాత చట్టంలో హజార్డస్ చెల్లుబాటు ఏడాదే, ప్రతిసారీ ఒక రోజు రిఫ్రెషర్ కోర్సు. 2019 సవరణ తర్వాత హజార్డస్‌కి 3 ఏళ్లు, మామూలు ట్రాన్స్‌పోర్ట్‌కి 5 ఏళ్లు అయింది. రెన్యువల్ షరతులు కేంద్రం నిర్ణయిస్తుందని చట్టంలో మార్చారు, కానీ ఆఫీసుల్లో ఇప్పటికీ అడిగేది ఒక రోజు రిఫ్రెషర్ సర్టిఫికెట్టే. సీనియర్ డ్రైవర్లు ఏడాదికోసారి అంటుంటే అది పాత లెక్క, అయితే మీరు లోడు ఎత్తే కంపెనీ తన గేట్ పాస్ కోసం ఇంకా తరచుగా రిఫ్రెషర్ అడగొచ్చు, అది వాళ్ల రూలు, అక్కడ పనిచేయాలంటే పాటించాల్సిందే.

అంటే ఒకే కార్డు మీద రెండు తేదీలు, ఒకటి 5 ఏళ్లది, ఇంకోటి 3 ఏళ్లది. చాలామంది పెద్ద తేదీ చూసి నిశ్చింతగా ఉంటారు. ట్యాంకర్ నడిపేవాడికి లెక్కలోకి వచ్చేది ముందు అయిపోయేదే.

గడువు అయిపోయాక 30 రోజుల వెసులుబాటు ఉంటుందిలే అన్న ధీమా కూడా వదిలేయండి. లైసెన్సు గడువు తీరినా 30 రోజులు చెల్లుతది అన్న నిబంధన పాత చట్టంలో ఉండేది, 2019 సవరణలో తీసేశారు. ఇప్పుడు రాత్రి 12 దాటితే లైసెన్సు లేనట్టే. రెన్యువల్‌కి గడువు కంటే ఏడాది ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి ఆఖరి నెల దాకా ఆగాల్సిన పనే లేదు. నేనైతే మూడు నెలల ముందు రిఫ్రెషర్ పూర్తి చేయమని చెప్తాను, ఎందుకంటే బ్యాచ్ నిండేదాకా క్లాసు పెట్టని సంస్థలు ఉంటాయి, పండగ సీజన్లో స్లాట్లు దొరకవు, మీరేమో ట్రిప్పు మీద రాయచూర్లోనో నాగపూర్లోనో ఉంటారు.

లైసెన్సు గడువు తీరి ఏడాది దాటిపోతే మళ్ళీ డ్రైవింగ్ టెస్టే పెట్టొచ్చు. హజార్డస్ మధ్యలో చాలాకాలం వదిలేసి మళ్ళీ ట్యాంకర్ ఎక్కాలనుకునేవాళ్లు రిఫ్రెషర్ సరిపోతదా, మూడు రోజుల కోర్సు మళ్ళీ చేయాలా అన్నది ఆర్టీవోలో అడిగాకే సంస్థకి డబ్బు కట్టండి. నన్నడిగితే రెండేళ్లకి పైగా గ్యాప్ వచ్చినవాళ్లు ఎవరూ అడగకపోయినా మూడు రోజులూ కూర్చోవడమే మంచిది.

ఓనర్లు, సరుకు పంపేవాళ్లు చేయాల్సింది

ట్రైనింగ్ డ్రైవర్ సొంత గోల అని వదిలేస్తే కుదరదు. 131వ రూలు ప్రకారం సరుకు పంపేవాళ్లు బండికి సరైన రిజిస్ట్రేషన్ ఉందా, ఫస్ట్ ఎయిడ్, సేఫ్టీ సామాను, టూల్ బాక్సు, విరుగుడు మందులు ఉన్నాయా, డ్రైవర్‌కి ట్రైనింగ్ ఉందా చూడాలి, సరుకు గురించి పూర్తి సమాచారం ఇవ్వాలి. 132, 135 రూల్స్ ప్రకారం ఓనరు ఆ సమాచారం డ్రైవర్‌కి రాతపూర్వకంగా అందేలా, అతనికి అర్థమయ్యేలా చూడాలి. ఆ కాగితం ప్రయాణం అంతా క్యాబిన్లో ఉంచడం 133 కింద డ్రైవర్ బాధ్యత.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు కాదు. ప్రతి డ్రైవర్‌కి ఒక పేజీ, లైసెన్సు తేదీ, హజార్డస్ తేదీ, మెడికల్ తేదీ, రిఫ్రెషర్ ఎప్పుడు చేశాడు, ఏ సంస్థ. పక్కనే బండి తేదీలు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పెట్రోలు డీజిలు అయితే పెసో (పేలుడు పదార్థాలు, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు. కొత్త డ్రైవర్ వచ్చి "నాకు హజార్డస్ ఉందన్నా" అంటే ఆ మాట నమ్మకుండా లైసెన్సు నంబరు పోర్టల్లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. మెయిన్ డ్రైవర్ నిద్రపోతుంటే క్లీనర్ స్టీరింగ్ పట్టుకునే అలవాటు మన దగ్గర ఉంది, ట్యాంకర్ మీద దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. క్లీనర్‌కి సర్టిఫికెట్ అవసరం రూల్లో లేకపోయినా బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఎక్కడుందో, ఎమర్జెన్సీ వాల్వు ఎలా మూయాలో, డీసీపీ సిలిండర్ (మంట ఆర్పే పొడి సిలిండర్) పిన్ను ఎలా లాగాలో నేర్పండి, డ్రైవర్ క్యాబిన్లో ఇరుక్కుంటే ఆ పని చేయాల్సింది అతనే.

ఏదైనా జరిగితే డ్రైవర్ వెంటనే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి, ఓనర్‌కి చెప్పాలని 136వ రూలు. 112కి చేస్తే పోలీసు, ఫైర్, అంబులెన్సు ముగ్గురికీ వెళ్తది, ఫైర్‌కి 101, ఎల్పీజీ లీకులకి 1906. బండి బోల్తా పడితే జనం క్యాన్లు, బిందెలు పట్టుకుని పెట్రోలు పట్టుకోడానికి ఎగబడతారు, వాళ్లని ఎంత దూరం తోలగలిగితే అంత దూరం తోలండి, ఫోను వెలుగులో వీడియో తీసేవాళ్లని ముందు తోలండి.

రూల్స్ తప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(3) కింద మొదటిసారి 10,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు అనర్హత, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 20,000 లేదా మూడేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఇది నడిపినవాళ్లకే కాదు, నడపనిచ్చినవాళ్లకి కూడా.

విమానం కార్గోలో, బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

శంషాబాద్ కార్గోలోనో ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసుల్లోనో పనిచేసేవాళ్లకి లెక్క వేరు. అక్కడ డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదం ఉన్న సంస్థలో మీ పనికి తగిన డేంజరస్ గూడ్స్ ట్రైనింగ్ చేయాలి, 24 నెలలకోసారి మళ్ళీ చేయాలి. అమెరికాలో ట్రక్కింగ్‌లో ఉన్న మనవాళ్లకి ఉద్యోగి హజ్‌మాట్ ట్రైనింగ్ 3 ఏళ్లకోసారి, కమర్షియల్ లైసెన్సు మీద హెచ్ ఎండార్స్‌మెంట్‌కి టీఎస్ఏ (అక్కడి రవాణా భద్రతా సంస్థ) వెరిఫికేషన్ 5 ఏళ్లకోసారి, కొత్తగా తీసుకునేవాళ్లకి 2022 ఫిబ్రవరి 7 నుంచి ఎంట్రీ లెవెల్ థియరీ ట్రైనింగ్ కూడా తప్పనిసరి. యూరప్‌లో నడిపేవాళ్ల ఏడీఆర్ (రోడ్డు మీద ప్రమాదకర సరుకుల ఒప్పందం) సర్టిఫికెట్ 5 ఏళ్లు చెల్లుతది. మన దగ్గర తీసుకున్న హజార్డస్ ఎంట్రీ ఆ దేశాల్లో లెక్కలోకి రాదు, అక్కడి కోర్సు అక్కడే చేయాలి.

విమానం వైపు వాళ్లకి ఒక మంచి వెసులుబాటు ఉంది. గడువుకి ఆఖరి మూడు నెలల్లో రీసర్టిఫికేషన్ పూర్తి చేస్తే కొత్త 24 నెలలు కోర్సు చేసిన రోజు నుంచి కాకుండా పాతది ముగిసే నెల నుంచి లెక్కేస్తారు. అంటే ముందు చేసినా ఒక్క రోజు కూడా పోదు. అదే నాలుగు నెలల ముందు చేస్తే మాత్రం మిగిలిన నెలలు పోయినట్టే, కాబట్టి మూడు నెలల విండో మొదలైన మొదటి వారంలోనే బ్యాచ్ చూస్కుని చేరిపోండి.